వదిన వైపు మట్టి

మొక్కలంటే నాకు ప్రేమ అని ఎవరైనా అంటే నవ్వొస్తుంది. నందిగామ బైపాస్ పక్కన నర్సరీ పెట్టి పంతొమ్మిదేళ్ళయింది. ప్రేమతో నడిచే వ్యవహారమైతే మూడో నెలలోనే మూతపడేది. మొక్కకి కావలసింది వేళకి నీళ్ళు, వేళకి కత్తెర. "మొక్కతో మాట్లాడితే బాగా పెరుగుతుందట కదా మేడమ్" అని అడుగుతారు కొనడానికొచ్చేవాళ్ళు. మాట్లాడండి, మీ ఇష్టం, ముందు కుండీకి కింద చిల్లుందో లేదో చూసుకోండి అంటాను. నా నోటికి జడిసి కొందరు రెండోసారి రారు. వచ్చేవాళ్ళు చాలు నాకు.

ఇదంతా ముందే ఎందుకు చెబుతున్నానంటే, రాయబోయేది చదివి నన్ను పిరికిదాన్ననో, భక్తి ముదిరిందనో అనుకోకూడదని. ఆదివారం చర్చికి వెళ్తాను. రెండో పాటకి చేరుకుంటాను, ఆఖరి ప్రార్థనకి ముందే లేచొచ్చేస్తాను. నా భక్తి అంతవరకే.

మా అన్నయ్య ప్రేమానందం జగ్గయ్యపేటలో లెక్కల మేష్టారు. 2022 ఆగస్టులో ఒక పొద్దున స్కూలుకి బయల్దేరుతూ, చెప్పులేసుకోవడానికి వంగినవాడు మళ్ళీ లేవలేదు. యాభై ఆరేళ్ళు. పిల్లల్లేరు. ఇంట్లో మిగిలింది మా వదిన దేవమణి.

నాకు ఎనిమిదేళ్ళప్పుడు మా అమ్మ పోయింది. మరుసటేడు వదిన కాపురానికొచ్చింది, తనకప్పుడు పంతొమ్మిది. నాకు పేలు తీసింది, జడలేసింది, నేను పెద్దమనిషినై భయపడి ఏడుస్తుంటే ధైర్యం చెప్పాల్సింది పోయి నాతోపాటు కూర్చుని తనూ ఏడ్చింది. వదిన ఏడుపు మా ఇంట్లో ఒక వేళాకోళం. సీరియల్ చూసి ఏడుస్తుంది, పాస్టరు గారి కూతురి పెళ్ళిలో ఏడుస్తుంది, పక్కింటివాళ్ళ కుక్క తప్పిపోతే ఏడుస్తుంది. పడీ పడీ నవ్వినా కళ్ళమ్మట నీళ్ళే. మునేరు ఎండినా మనింట్లో నీళ్ళకి కరువుండదు అనేవాడు అన్నయ్య. వాడు మాత్రం ఏడవగా నేను ఎన్నడూ చూడలేదు. అమ్మ పోయిన రోజు కూడా వాడు గొంతు సవరించుకుంటూ అటూ ఇటూ తిరగడమే నాకు గుర్తు.

అన్నయ్యని సమాధిలో పెట్టే రోజున తాపీమేస్త్రి రత్నబాబు నన్ను పక్కకి పిలిచాడు. జగ్గయ్యపేట సమాధుల తోటలో పనంతా అతనిదే. "జాగా అయిపోతోందమ్మా. ఇప్పుడే జంటకి కట్టించేయండి. రేపు మేడం గారికి ఏ మూలనో దొరికితే అప్పుడు బాధపడతారు" అన్నాడు. మా వాళ్ళలో ఇది మామూలే. ఒకరు పోతే ఇద్దరికీ కట్టేస్తారు. ఒకే పునాది, మధ్యలో ఇటుక గోడ, అటొక గూడు, ఇటొక గూడు. తలాపున ఒకే రాయి మీద ఇద్దరి పేర్లూ చెక్కించారు. అన్నయ్య పేరు కింద రెండు తేదీలు. వదిన పేరు కింద ఒక తేదీ, ఒక గీత, ఆ గీత పక్కన ఖాళీ.

అన్నయ్య వైపు నల్ల గ్రానైటు పలక పరిచి మూసేశారు. వదిన వైపు ఖాళీ గూట్లో పశువులు పడకుండా అంచు దాకా మట్టి నింపి వదిలేశారు. బతికున్న మనిషి తన పేరున్న రాయి ముందు మోకరిస్తుంటే చూడ్డానికి నాకు ఒళ్ళు మండేది. వదినకి అదే ఓదార్పు. "మీ అన్నయ్య పక్క సీటు నాకు రిజర్వు అయిపోయిందే" అని చెప్పుకుని మరీ ఏడ్చేది.

అలా మూడు నెలలు ఏడ్చింది. ప్రతి ఆదివారం మధ్యాహ్నం నేను నందిగామ నుంచి పూలు పట్టుకుని చిల్లకల్లు మీదుగా ముప్ఫై కిలోమీటర్లు స్కూటీ మీద వెళ్ళి, వదిన్ని ఎక్కించుకుని సమాధుల తోటకి తీసుకెళ్ళేదాన్ని. పోయిన వారం పెట్టిన దండలో సగం కుళ్ళి ఉండేది, సగం మేకలు నమిలి పోయేవి. "చూడవే, ఆయన మీద నాలుగు పూలు కూడా నిలవట్లేదు" అని మళ్ళీ మొదలు. అబద్ధమెందుకు, నాకు విసుగొచ్చింది. పోయింది నాకూ అన్నయ్యే. కానీ నా ఏడుపుకి చోటేదీ? ఆవిడ ఏడుపే ఇల్లంతా నిండిపోయింది.

నవంబరు రెండున సమాధుల పండగ. సమాధులకి సున్నాలేసి, పూలు పరిచి, సాయంత్రం కొవ్వొత్తులు వెలిగిస్తాం. ఆ ముందు వారం కడియం నుంచి వచ్చిన లోడులో నాకు ఎవర్‌లాస్టింగ్ మొక్కలు రెండు వందలొచ్చాయి. వాడనిపువ్వు అని నేనే బోర్డు రాసి పెట్టాను. చూడ్డానికి చామంతిలా ఉంటుంది, రేకులు మాత్రం ఉల్లిపొరలా గరగరలాడతాయి. కోసి, కట్టలు కట్టి, నీడన తలకిందులుగా వేలాడదీస్తే ఏళ్ళు గడిచినా రంగు పోదు. మా వైపు ఒక్క చలికాలం పెంచి పీకేస్తారు గానీ, తెలిసి పెంచితే మూడేళ్ళయినా బతికే మొక్క ఇది. నీరు నిలవని నేల ఉండాలి, ఎండ తగలాలి, చిన్నప్పుడే తల తుంచాలి, పూత అయ్యాక జాలిపడకుండా సగానికి కత్తిరించాలి. ఇంకో సంగతుంది. గాలిలో తేమ తగిలితే ఈ పువ్వు ముడుచుకుంటుంది, ఎండ రాగానే విచ్చుకుంటుంది. కోసి ఏడాదైన ఎండు పువ్వు కూడా అంతే చేస్తుంది. చూసినవాళ్ళు హడలిపోతారు. వానకి తలుపు చెక్క ఉబ్బడం లేదా, ఇదీ అంతే అని నేను కొట్టిపారేసేదాన్ని.

పండగ ముందురోజు ఒక పసుపు మొక్క తీసుకెళ్ళాను. తీరా చూస్తే నాటడానికి మట్టేదీ? అన్నయ్య మీద గ్రానైటు, చుట్టూ సిమెంటు గచ్చు. ఉన్నదల్లా వదిన వైపు మట్టి. నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. మట్టి కనపడితే మొక్క పెట్టేయడం నా చేతికి అలవాటు. గుప్పెడు ఇసుక కలిపి, గుంట చేసి, వదిన పేరుకి సరిగ్గా కింద నాటాను. వదిన చెంబుతో నీళ్ళు పోసింది.

"ఇది వాడదు వదినా. వారం వారం పూల కోసం నువ్వు ఏడవక్కర్లేదు ఇక" అన్నాను. ఆ మాటలో ఓదార్పు ఎంతో, విసుగు ఎంతో నాకు తెలుసు. 

మూడో వారానికి మొక్క నిలదొక్కుకుని కొత్త చిగురేసింది. ఆ వారమే వదిన ఏడుపు ఆగింది.

తగ్గుతూ తగ్గుతూ ఆగడం కాదు, కుళాయి కట్టేసినట్టు ఆగింది. ఆదివారం నేను వెళ్ళేసరికి తల దువ్వుకుని, ఇస్త్రీ చీర కట్టుకుని, గుమ్మంలో చిరునవ్వుతో నిలబడి ఉంది. చర్చిలో లేచి సాక్ష్యం చెప్పింది, ప్రభువు నా కన్నీళ్ళు తుడిచాడని. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. హమ్మయ్య అనుకున్నాను, దాచుకోవడం దేనికి.

ఆ చలికాలమంతా మొక్క విరగబూసింది. నేను వారం వారం వెళ్ళి ముదురు పూలు కోసి, కొమ్మల కొసలు తుంచి వచ్చేదాన్ని. మేకలు దాని జోలికి రాలేదు. రెండో మొక్క అవసరం లేకుండా గుబురు కట్టి గూడంతా పరుచుకుంది. అంచు దాకా వచ్చి ఆగిందే గానీ ఎటువైపూ బయటికి వాలలేదు. కొలిచి కత్తిరించినట్టు సరిగ్గా ఒక మనిషి పడుకునేంత మేర ఉంది.

మే నెలలో నలభై ఆరు డిగ్రీలు కాసింది. సిమెంటు ఫ్యాక్టరీల దుమ్ము ఆకుల మీద పిండిలా పేరుకుంది. నా నర్సరీలో గ్రీన్ నెట్ కింద, రోజుకి రెండుసార్లు తడుపుతున్నా, అమ్ముడుపోని ఎవర్‌లాస్టింగ్ మొక్కలన్నీ మాడిపోయాయి. ఒక్కటి కూడా మిగల్లేదు. సమాధి మీది మొక్క మాత్రం నీడ చుక్క లేని చోట పచ్చగా పూస్తూనే ఉంది. మట్టిలోకి వేలు గుచ్చి చూశాను. వేలు పూర్తిగా దిగినా పొడే.

"నువ్వేమన్నా నీళ్ళు పోస్తున్నావా రత్నబాబూ?" అని అడిగాను.

"నాకంత తీరికెక్కడిదండి? మీ వదినగారు వస్తారు రోజూ పొద్దున్నే. ఆవిడా పొయ్యరు. ఊరికే ఆ పలక పక్కన కూర్చుని మాట్లాడుకుంటారు. మధ్యమధ్యలో నవ్వుతారు కూడానండి" అన్నాడు.

మొగుడి సమాధి దగ్గర పెళ్ళాం మాట్లాడుకుంటే అందులో వింతేముంది? నేను పట్టించుకోలేదు.

ఆ నెలలోనే ఇద్దరం కూర్చుని ఆవకాయ పెట్టాం. ఫ్యాను తిరుగుతున్నా నాకు చెమటలు ధారలు కడుతున్నాయి. వదిన మెడ మీద, నుదుటి మీద చుక్క చెమట లేదు. పొద్దుటి నుంచి గుక్కెడు మంచినీళ్ళు తాగగా చూడలేదు. కత్తిపీట మీద కాయ జారి ఆవిడ చూపుడు వేలు తెగింది. నేను గబుక్కున చెయ్యి పట్టుకుని చూశాను. లోతుగానే తెగింది. కానీ రక్తం రాలేదు. తెగిన చర్మం రెండు వైపులా పల్చగా, తెల్లగా, పొరలు పొరలుగా లేచి ఉంది. వదిన దాన్ని చూసి, "ఏం కాలేదులే" అని మళ్ళీ కాయ అందుకుంది. ఆ చెయ్యి ముట్టుకున్నప్పుడు గరగరమని చిన్న చప్పుడు వినపడింది. నేను ఆ రాత్రి అన్నం తినలేకపోయాను.

జూన్ చివర్లో, పూత కాస్త తగ్గాక, చెయ్యాల్సిన పని కదా అని మొక్కని సగానికి కత్తిరించాను. అటు నుంచి ఇంటికెళ్తే వదిన జుట్టు భుజాల దాకా కత్తిరించుకుని ఉంది. నడుం దాటే జుట్టు అది, యాభై రెండేళ్ళలో కత్తెర తగలనిది. "ఎందుకు వదినా?" అంటే, "పొద్దున్నుంచీ బరువుగా అనిపించింది, తీసేశా" అంది, కూరలో పోపు వేసినంత మామూలుగా.

అయినా నేను ఏదో ఒకటి చెప్పుకుని సర్దుకున్నాను. మనసు దిగులుకి ఒళ్ళు ఎండిపోతుంది, వయసు అలాంటిది, థైరాయిడ్ అయి ఉంటుంది అనుకున్నాను. విజయవాడ తీసుకెళ్ళి డాక్టరుకి చూపించాను. బీపీ బాగుంది, షుగర్ లేదు, నీళ్ళు బాగా తాగించండి అన్నాడు. రక్తం తీయడానికి నర్సు మూడుచోట్ల గుచ్చి, నరం దొరకట్లేదని వదిలేసింది.

జూలైలో ఒక ఆదివారం ఇక సర్దుకోవడానికి వీల్లేకుండా పోయింది. మబ్బు పట్టి ఉంది. నేను వంటింట్లో ఉన్నాను, వదిన మంచం మీద కూర్చుని ఉంది.

"ఉప్పు డబ్బా ఎక్కడ పెట్టావు వదినా?" అని అరిచాను.

"పై అరలోనే, పంచదార..." అంటుండగా వాన పెద్ద చప్పుడుతో రేకుల మీద పడింది. ఆ తర్వాత మాట రాలేదు. నేను వెతుక్కుని, దొరక్క, కసురుకుంటూ బయటికొచ్చాను. వదిన మోకాళ్ళు గుండెలకి లాక్కుని, చేతులు వాటి చుట్టూ బిగించి, గడ్డం లోపలికి దూర్చి, పెదాలు మూసుకుని ఉంది. వేళ్ళు ఒకదాని మీద ఒకటి దగ్గరగా సర్దుకుని ఉన్నాయి. వదినా వదినా అని కుదిపాను. మనిషి మొత్తం ఒకే ముక్కగా ఊగింది. బరువే లేదు. ఎండిన కొబ్బరాకుని కదిపినట్టుంది. ఏసయ్యా ఏసయ్యా అని అరవడం నాకు నేనే విన్నాను.

వాన గంటన్నర కురిసింది. వెలిశాక కిటికీలోంచి ఎండ మంచం మీద పడింది. ముందు వేళ్ళు విడివడ్డాయి. తర్వాత ఒక చెయ్యి, ఇంకో చెయ్యి. గడ్డం పైకి లేచింది. కళ్ళు తెరిచి నా వైపు చూసి, "...డబ్బా వెనకాల ఉంది చూడు" అంది.

"ఇంతసేపూ ఏమయ్యావు వదినా?"

"ఎంతసేపు?" అంది నవ్వుతూ.

స్కూటీ తీసి నేరుగా సమాధుల తోటకి వెళ్ళాను. మొక్క మీద పూలు అప్పుడప్పుడే విచ్చుకుంటున్నాయి. నేను అందరికీ చెప్పే తలుపు చెక్క మాట నోట్లోనే ఉండిపోయింది. మొదటిసారి ఆ మొక్కని చూసి నాకు భయమేసింది. బతికున్న మనిషి గూట్లో మొక్క నాటింది నేను. వాడదని చెప్పి మరీ నాటాను.

పీకేద్దామని చెయ్యి పెట్టి కూడా ఆగిపోయాను. పీకితే వదిన ఏమవుతుంది? పూర్వంలా అవుతుందా, లేక ఆ గీత పక్కన రెండో తేదీ చెక్కాల్సొస్తుందా? నేను పెంచే మొక్కల్లో ఏది పీకితే ఏమవుతుందో నాకు తెలుసు. దీని సంగతి తెలియదు. అందుకే ఆరు నెలలు ఏమీ చెయ్యకుండా గడిపాను. వాన పడిన రోజుల్లో ఇంటికి ఫోన్ చేస్తే మోగి మోగి ఆగిపోయేది. ఎండ కాసిన రోజుల్లో వదిన హాయిగా ఉండేది, పిలిచిన పెళ్ళిళ్ళకి వెళ్ళేది, అందరితో ఒకేలా నవ్వేది. ముఖం మీద ముడతల్లేవు, దేవమణి గారు పదేళ్ళు తగ్గిపోయారు అనేవాళ్ళు చర్చిలో.

జనవరిలో నా రొమ్ములో గడ్డ తగిలింది. ముక్క తీసి పరీక్షకి పంపారు, రిపోర్టుకి వారం పడుతుందన్నారు. ఆ వారం నేను ఎలా గడిపానో దేవుడికి తెలుసు. నాకు మొగుడు లేడు, పిల్లల్లేరు, ఉన్నదల్లా వదిన. జగ్గయ్యపేట వెళ్ళి, మంచం మీద పక్కన కూర్చుని చెప్పాను. చెబుతూ ఏడ్చేశాను. నాకు కావలసింది మందులు కాదు, సలహా కాదు. చిన్నప్పట్లా ఆవిడ నాతోపాటు భోరుమని ఏడిస్తే చాలు.

వదిన నా మొహంలోకి చూసింది. అదే చిరునవ్వు. "అవునా? సరేలే, అన్నం తిను" అంది.

వారానికి రిపోర్టు వచ్చింది, ఏమీ లేదన్నారు. ఫోన్ చేసి చెబితే, "సరేలే" అంది మళ్ళీ. నేను బతుకుతానన్నా, చస్తానన్నా ఒకటే సరేలే. ఇది మా వదిన కాదు, ఎవరేమన్నా సరే నా వదిన నాకు కావాలి అనుకున్నాను. గునపం, పార, కొమ్మలు కోసే కత్తెర స్కూటీ మీద పెట్టుకుని బయల్దేరాను.

మిట్టమధ్యాహ్నం. సమాధుల తోటలో ఎవరూ లేరు. దూరంగా మిరప చేలల్లో కూలీల మాటలు సన్నగా వినపడుతున్నాయి. ఎండ చురుక్కుమంటోంది, పూలన్నీ పూర్తిగా విచ్చుకుని ఉన్నాయి. నేను మోకాళ్ళ మీద కూర్చుని చుట్టూ తవ్వడం మొదలుపెట్టాను. ఈ మొక్కకి వేళ్ళు జానెడు లోతు మించవు, సన్నటి పీచులా ఉంటాయి. రెండు పోట్లకి ఊడి రావాలి.

రాలేదు. మొదలు దగ్గర బొటనవేలంత లావున ఒకే వేరు. అది కిందికి దిగలేదు. వదిన వైపు మట్టిలో దానికి పిల్లవేరు కూడా లేదు. పక్కకి తిరిగి, మధ్య గోడలో ఇటుకల సందులోంచి అన్నయ్య వైపుకి దూరి, గ్రానైటు పలక కిందికి పోయింది. అంత పొడి మట్టిలోనూ ఆ వేరు చుట్టూ తడిగా, చల్లగా ఉంది. పట్టుకుని లాగాను. అది గట్టిగా ఉండి రాకపోవడం కాదు. నేను లాగితే కొంచెం వచ్చింది, వదిలితే మళ్ళీ వెనక్కి పోయింది. ఎవరో అటువైపు కొస చేత్తో పట్టుకున్నట్టే ఉంది. ఇంకా ఆలోచిస్తే చెయ్యలేనని కత్తెర పెట్టి కోసేశాను.

కోసిన చోట నీళ్ళు ఊరాయి. తేటగా, చుక్క తర్వాత చుక్క, అన్నయ్య వైపు నుంచే. బోరు నీళ్ళలో ఉప్పెంత ఉందో నాలిక మీద వేసుకుని చూడటం మా నర్సరీ వాళ్ళ అలవాటు. తెలియకుండానే వేలు ముంచి నాలిక మీద పెట్టుకున్నాను. ఉప్పగా ఉంది. బోరు ఉప్పు కాదు అది. ఏడుస్తూ అన్నం తింటే ముద్దలో కలుస్తుందే, ఆ ఉప్పు.

చేతిలో మొక్క మీద పూలన్నీ, అంత ఎండలో, ఒక్కసారే ముడుచుకున్నాయి.

అప్పుడే ఫోన్ మోగింది. వదిన పక్కింటావిడ భారతీదేవి. "జాయిస్ గారూ, తొందరగా రండి. మీ వదినగారు ఉన్నట్టుండి ఏడుస్తున్నారండి. ఎంతకీ ఆగట్లేదు, మాకు భయంగా ఉంది."

నేను నవ్వాను. నిజంగానే, ఆ సమాధుల మధ్య నిలబడి పైకి వినపడేలా నవ్వాను. స్కూటీ ఎలా నడిపానో తెలియదు. వదిన వంటింటి గచ్చు మీద కూలబడి, అన్నయ్య పోయిన రోజు ఎలా ఏడ్చిందో అలా ఏడుస్తోంది. మెడంతా చెమట, జాకెట్టు తడిసిపోయింది. నేను వెళ్ళి గట్టిగా పట్టుకున్నాను. ఒళ్ళు వెచ్చగా, మెత్తగా, బరువుగా ఉంది. మా వదిన. "వచ్చేశావా వదినా, వచ్చేశావా" అంటూ నేనూ ఏడ్చాను. భారతీదేవి గారు మంచినీళ్ళు తెచ్చిస్తే చెంబుడూ గటగటా తాగేసింది.

భారతీదేవి గారు వెళ్ళిపోయాక చాలాసేపటికి వదిన తలెత్తింది.

"మొక్క తీసేశావా?"

"తీసేశా వదినా."

"నన్నొక్క మాట అడగొచ్చు కదే."

"నువ్వేమైపోతున్నావో నీకు తెలీదు వదినా. వానొస్తే ముడుచుకుపోతున్నావు, తెగితే రక్తం లేదు. నువ్వసలు..."

"నాకన్నీ తెలుసు" అంది. "నువ్వు మొక్క నాటిన మూడో వారం ఆ రాయి పక్కన కూర్చుని ఏడుస్తున్నానా, కింద నించి మీ అన్నయ్య గొంతు వినపడింది. చాలు మణీ, ఎన్నాళ్ళేడుస్తావు, మిగతాది ఇటివ్వు, నేనేడుస్తా అన్నాడు. బతికున్నన్నాళ్ళూ ఆయన కంట్లో చుక్క చూళ్ళేదు నేను. నా ఏడుపంతా ఆయన తీసేసుకున్నాడే. రోజూ పొద్దున్నే పోతే ఎన్ని కబుర్లు చెప్పేవాడో. నాకు చెమట లేకపోతే ఏం, రక్తం లేకపోతే ఏం? నా మొగుడు నాతో మాట్లాడుతున్నాడు."

అయినా అడిగాను. అడక్కుండా ఉండాల్సింది. "మరి నేను గడ్డ సంగతి చెప్పినప్పుడు? ఒక్క చుక్క కూడా రాలేదు నీకు."

"నా దగ్గరుంటే కదా రావడానికి. మర్నాడు పొద్దున్నే పోయి ఆయనకి చెప్పా, జాయిస్‌కి ఇట్టా అయిందంట అని. ఆ వారమంతా నీ కోసం ఆయన ఎంత ఏడ్చాడో నీకేం తెలుసు? చిన్నపిల్లే, చిన్నపిల్లే మణీ అని ఒకటే ఏడుపు."

నేను లేచి పరుగున వెళ్ళాను. మొక్కని తీసిన చోటే మళ్ళీ పెట్టాను, కోసిన కొసని ఆ కొసకి ఆనించి గుడ్డతో కట్టాను, అంటు కట్టడానికి నాకు తెలిసిన విద్యలన్నీ వాడాను. నాలుగో రోజుకి అది ఎండిపోయింది. అంతకు ముందే తుంచి ఉంచిన కొమ్మలు పన్నెండు నర్సరీలో వేరు పోసుకున్నాయి. వాటిని తీసుకెళ్ళి వదిన వైపు మట్టిలో నాటాను. మామూలు మొక్కల్లాగే పెరిగి, మామూలుగా పూసి, ఎండలు ముదిరేసరికి మామూలుగా చచ్చిపోయాయి. రత్నబాబు మట్టి చదును చేశాడు.

వదిన ఇప్పుడు పూర్వంలాగే ఉంది. నీళ్ళు తాగుతుంది, చెమట పడుతుంది, ముఖం మీద ముడతలు అన్నీ ఒకేసారి వచ్చాయి. వాన పడితే బట్టలు తీయడానికి పరిగెత్తుతుంది. నేను కోరుకున్నదంతా జరిగింది. నా మీద కోపం కూడా లేదు, అదే నాకు కష్టంగా ఉంది. రోజూ పొద్దున్నే వెళ్ళి గ్రానైటు పలక మీద చెవి ఆనించి పడుకుంటుంది. ఒక చెంప నల్లగా కమిలిపోయింది. "ఇవాళా ఏం వినపళ్ళేదే" అని ఫోన్ చేసి ఏడుస్తుంది. నేను వింటాను. విసుక్కోను.

పోయిన ఆదివారం నేనూ వెళ్ళాను. ఎనిమిదిన్నరకే ఎండ మండిపోతోంది. వదిన పలకకి అటు చివర చెవి పెట్టి కళ్ళు మూసుకుని ఉంది. ఆవిణ్ణి ఒక్కదాన్నీ అలా చూస్తూ నిలబడలేక నేను ఇటు చివర కూర్చుని చెవి ఆనించాను.

వినపడింది.

ముందు గొంతు సవరించుకున్న చప్పుడు. తర్వాత ఏడుపు. ఏడవడం చేతకాని మగవాడి ఏడుపు, ఆగి ఆగి, ఎగపీల్చుకుంటూ. మధ్యమధ్యలో మణీ, మణీ అని పిలుపు. ఎందుకు పలకట్లేదు మణీ అంటున్నాడు అన్నయ్య. అంత స్పష్టంగా వినపడుతుంటే, అదే పలక అటు చివర వదిన, నుదురు ముడి వేసి, ఊపిరి బిగబట్టి, ఇంకా వెతుక్కుంటూనే ఉంది.

కళ్ళు తెరిచి నా వైపు చూసింది. "నీకేమన్నా వినపడిందా జాయిస్?"

ఆ కళ్ళలో ఆశ చూశాను. పక్కనే వదిన పేరు, ఆ పేరు కింద వదులుగా ఉన్న మట్టి చూశాను. నిజం చెబితే మా వదిన ఆ మట్టిలోకే పోతుంది, మళ్ళీ ఇంటికి రాదు. మా అన్నయ్య పిలుస్తూనే ఉన్నాడు.

"ఏం లేదు వదినా" అన్నాను. "రాయి కాలుతోంది, లే, ఇంటికి పోదాం."